మస్టరు మనది, పుస్తకం వాళ్లది

సుల్తానాబాద్‌లో రైసు మిల్లులకు కొదవ లేదు. వాటిలో ఒక మిల్లులో నేను కొన్నేళ్లు గుమాస్తాగా చేశాను. ధాన్యం బండ్ల లెక్క, కాంటా చిట్టీలు, లారీ కిరాయిలు, వీటికి తోడు హాజరు పుస్తకం కూడా నా నెత్తినే ఉండేది. ఆ పుస్తకం నేనెట్లా రాసేవాడినో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. పొద్దున గేటు దగ్గర నిలబడి ఎవరొచ్చారో చూసి రాసింది తక్కువ. సాయంత్రం చాయ్ తాగుతూ, పొద్దటి నుంచి కంటబడిన మొహాలను గుర్తు చేసుకుంటూ టిక్కులు పెట్టేవాడిని.

ఒక నెల డ్రయ్యర్ దగ్గర పనిచేసే ఆయనకు 18వ తారీఖున నాగా పడింది. జీతాల రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"గుమాస్త సారూ, పద్దెనిమిది నాడు నేనెక్కడున్న?"

"నాకేం తెలుసు, పుస్తకంల నాగా ఉన్నది."

"నువ్వు రాసిన పుస్తకమే గద. ఒక్కసారి నాతోని రా."

మిల్లు వెనక బాయిలర్ షెడ్డు గోడ దగ్గరికి తీసుకుపోయాడు. బొగ్గుతో గీసిన గీతలు, ఏడేడుగా వరసలు. ఆదివారం గీతకు అడ్డంగా చిన్న కోత. రాత్రి ఎక్కువసేపు ఉన్న రోజున గీత పక్కన చుక్క. 18వ గీత ఉంది, దాని పక్కన చుక్క కూడా ఉంది. ఆ రోజు ఎలివేటర్ బకెట్లలో ధాన్యం ఇరుక్కుంటే పొద్దంతా ఆయన పైననే ఉన్నాడట. కిందికి దిగలేదు కాబట్టి నా కంట పడలేదు. ఆఫీసుకు తిరిగొచ్చి డ్రాయరు వెతికితే ఎలివేటర్ బాగు చేసిన మెకానిక్ బిల్లు దొరికింది. తేదీ 18. నా చేతిరాతతోనే ఉంది.

దిద్దాను, ఆ రోజు కూలి ఇప్పించాను. అయితే గోడ మీద గీతలు గీసుకోని వాళ్లకు నేను ఎన్ని నాగాలు వేసి ఉంటానో ఆ రాత్రి లెక్కకు అందలేదు.

హాజరు అంటే మనలో చాలామందికి యజమాని మనమీద పెట్టిన నిఘా అనే లెక్క. బళ్లో ఉన్నప్పుడు సారు బెత్తం పక్కనే పట్టి ఉండేది కాబట్టి ఆ భయం అక్కడే మొదలవుతుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ గడిలో పడే టిక్కు మీ ఆస్తి. మీరు పని చేశారనడానికి ఉన్న ఒకే ఒక్క రుజువు చాలాసార్లు అదే. ఆ రుజువేమో ఎదుటివాడి బీరువాలో ఉంటుంది. ఇబ్బందంతా అక్కడే.

హాజరు, గైరుహాజరు, నాగా, మూడూ ఉర్దూ మీదుగా మనకొచ్చినవి, నిజాం కచేరీల కాలం నాటి మాటలు. మస్టరు మాత్రం ఇంగ్లీషుది, పల్టన్ల నుంచి గనుల్లోకి దిగింది. సుల్తానాబాద్ నుంచి పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు పోయేకొద్దీ హాజరు అనే మాట తగ్గి మస్టరు అనే మాట పెరుగుతుంది. గని కార్మికుడి ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఆ మాట తెలుసు. "బాపుకు ఇంకెన్ని మస్టర్లు గావాలె?" అని లెక్కపెట్టుకుంటారు.

ఎందుకంత లెక్క? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టంలో ఒక అంకె ఉండేది. భూగర్భంలోకి దిగే కార్మికుడికి ఏడాదిలో 190 హాజర్లు, పైన పనిచేసేవాళ్లకు 240 హాజర్లు పడితేనే జీతంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత వచ్చేది. భూగర్భంలో ప్రతి 15 రోజుల పనికి ఒక సెలవు, పైన 20 రోజులకు ఒకటి. 189 దగ్గర ఆగిపోయినవాడి బాధ సింగరేణి కాలనీల్లో అడిగితే చెప్తారు. బదిలీ ఫిల్లర్లుగా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు నింపేవాళ్లుగా, చేరినవాళ్లు పర్మినెంటు కావడానికి పడ్డ తండ్లాటంతా ఈ అంకె చుట్టే తిరిగింది. మస్టర్లు మరీ తక్కువ పడ్డాయని చార్జిషీటు అందుకుని, చివరికి డిస్మిస్ అయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరిది తాగుడు, కొందరిది రోగం, కొందరిది ఊళ్లో పొలం. పుస్తకంలో మాత్రం అందరిదీ ఒకటే అక్షరం.

గనిలో హాజరుకు ఇంకో పని కూడా ఉంది. దిగేవాడి పేరు రిజిస్టర్లో పడాలి, ల్యాంపు రూములో టోకెన్ ఇచ్చి క్యాప్ ల్యాంపు తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక ల్యాంపు వెనక్కి రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. 2003 జూన్ 16న గోదావరిఖని 7వ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి రోజు లోపల ఎందరున్నారు, ఎవరెవరున్నారు అనే ప్రశ్నకు జవాబిచ్చేది హాజరు లెక్కే. స్నేహితుడి బదులు మస్టరు వేయించి బయట తిరిగేవాడికీ, మస్టరు వేయించుకోకుండా "ఇప్పుడే వస్తా" అని లోపలికి పోయేవాడికీ ఈ మాట ఒకసారి చెప్పాలి. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో కూడా అంతే. మంటలు లేచినరోజు వెతికేది పుస్తకంలో పేరున్నవాళ్లనే.

ఇక 240 సంగతి. ఈ అంకె గనులదే అనుకోకండి. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతరాయంగా పనిచేసినట్టే అని పారిశ్రామిక వివాదాల చట్టం, గ్రాట్యుటీ చట్టం రెండూ చెప్పాయి. ఉద్యోగంలోంచి తీసేస్తే దక్కే నష్టపరిహారం, ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ దీనిమీదే నిలబడతాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో జీతంతో సెలవుకు కూడా 240 రోజులే ఉండేవి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో సెలవు విషయంలో దాన్ని 180కి తగ్గించారు. ప్రసూతి సెలవుకు, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. బోనస్‌కు ఏడాదిలో కనీసం 30 పనిదినాలు. ఈఎస్‌ఐలో జబ్బు సెలవు భత్యానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. అంకెలన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ప్రతి హక్కుకూ ముందు ఒక రోజుల లెక్క కాపలా ఉంటుందని గుర్తుంటే చాలు.

అయితే ఆ లెక్క ఎవరు చూపించాలి? యజమానే కదా పుస్తకం పెట్టేది, ఆయనే చూపించాలి అనుకుంటాం. సుప్రీంకోర్టు 2002లో హదిమని అనే కార్మికుడి కేసులో అలా అనలేదు. 240 రోజులు పనిచేశానని చెప్పేవాడే రుజువు చేసుకోవాలి, అఫిడవిట్ ఒక్కటీ రాసిచ్చి కూర్చుంటే చాలదు అంది. 2005లో ఎల్లట్టి కేసులో కాస్త ఊరట దొరికింది. దినకూలీకి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, జీతం చీటీ ఉండదు, కాబట్టి మస్టరు రోలు, జీతాల రిజిస్టరు తెప్పించమని అడిగే హక్కు అతనికి ఉంటుంది అని కోర్టు ఒప్పుకుంది. ఆ కేసులో కార్మికుడి దగ్గర పాత ఇంజనీరు రాసిచ్చిన ఒక సర్టిఫికెట్ ఉంది. అది అక్కరకొచ్చింది. లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

కాబట్టి నా మొదటి సలహా, అన్నిటికంటే చిన్న సలహా: ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మొబైల్ అయినా ఫర్వాలేదు గానీ నాకు నోటుబుక్కు మీదే నమ్మకం. ఫోను పోతుంది, పగులుతుంది, పిల్లలు చెరిపేస్తారు. ఏ రోజు ఎన్నింటికి పోయారు, ఎన్నింటికి వచ్చారు, ఆ రోజు ఏం పని చేశారు, పక్కన ఎవరున్నారు, ఇంతే. "బాయిలర్ క్లీనింగ్, మధ్యాహ్నం కరెంటు పోయింది" అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. కరెంటు పోయిన సంగతి మిల్లు లెక్కల్లో కూడా ఉంటుంది కదా, రెండూ కలుస్తాయి. ఇట్లా బయట ఇంకెక్కడో కూడా దొరికే ముక్క మీ పుస్తకానికి బలం. నా మిల్లు మనిషి గీతకు నా బిల్లు బలమైనట్టు.

నెలాఖరుకు హాజరు పుస్తకంలో మీ వరస చూడనివ్వమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం వద్దు. "అన్నా, నాదొక్కసారి జూపియ్యరాదే" అంటే ఏ గుమాస్తా కాదనడు, ముప్పై గడులు చూడటానికి అర నిమిషం. వీలైతే ఫొటో తీసుకోండి. వీలుకాకపోతే అంకెలు మీ పుస్తకంలో ఎక్కించుకోండి. తేడా ఉంటే ఆ క్షణాన్నే చెప్పాలి. రెండు నెలలు ఆగి చెప్పే తేడాను గుమాస్తా కూడా మనస్ఫూర్తిగా నమ్మలేడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

పీఎఫ్ ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. యజమాని నెలనెలా పంపే లెక్కలో ప్రతి పేరు పక్కనా జీతం లేని రోజులెన్ని అని రాసే గడి ఒకటుంటుంది. మీ పాస్‌బుక్కులో ఏ నెలకు ఎంత జీతం మీద కోత పడిందో కనిపిస్తుంది. ఇరవై ఆరు రోజులు పనిచేసిన నెలలో సగం జీతమే చూపించి ఉంటే, మీ హాజరు ఎక్కడో సగం మాయమైందన్నమాట. ఉద్యోగం మారాక చూద్దాంలే అనుకోకండి.

కోతల గురించి ఒక మాట. "ఒక రోజు నాగాకు రెండు రోజుల జీతం కట్" అనే బోర్డు దుకాణాల్లో, ప్రైవేటు బళ్లలో చూస్తుంటాం. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ సూత్రం ఒకటే, రానంత సమయానికే కోత. గంట ఆలస్యమైతే గంట జీతం. ఇందులో ఒక మినహాయింపు కూడా ఉంది, చాలామందికి తెలియదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది మాట్లాడుకుని, సరైన కారణం లేకుండా, ముందుగా నోటీసు ఇవ్వకుండా ఒకేసారి మానేస్తే, అలాంటి షరతు ఒప్పందంలో ఉంటే, ఎనిమిది రోజుల వరకూ కోయొచ్చు. అంటే సమ్మె చేసేటప్పుడు నోటీసు కాగితం ఇచ్చి ఉండటం ఎంత అవసరమో ఆ ఒక్క వాక్యం చెప్తుంది. సర్కారు ఆఫీసుల్లో మూడు లేట్లకు ఒక క్యాజువల్ లీవు పోతుంది. ఆ కోత సెలవు మీద పడేది, జీతం మీద కాదు. ప్రైవేటు వాళ్లు ఆ నిబంధనను సగం విని, జీతానికి అంటించుకున్నారు.

రాత్రి షిఫ్టు తారీఖు తకరారు మిల్లుల్లో రోజూ ఉండేదే. రాత్రి పదింటికి ఎక్కి పొద్దున ఆరింటికి దిగినవాడి హాజరు ఏ తారీఖున వేయాలి? కొందరు గుమాస్తాలు పొద్దున చూసి ఆ రోజు తారీఖు వేస్తారు. అదే మనిషి ఆ రాత్రి మళ్లీ ఎక్కితే ఒకే తారీఖుకు రెండు హాజర్లు కాలేవని ఒకటి ఎగిరిపోతుంది. ఫ్యాక్టరీల చట్టం దీనికి తేలికైన జవాబు చెప్పింది: అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ముందురోజు లెక్కలోకే వస్తాయి. షిఫ్టు ఎక్కిన తారీఖే తారీఖు. మీ నోటుబుక్కులో కూడా అలాగే రాసుకోండి, అప్పుడు రెండు పుస్తకాలు ఒకే భాష మాట్లాడతాయి.

హాజరే లేని పనులు మన చుట్టూ చాలా ఉన్నాయి. హమాలీలకు సంచుల లెక్క. బీడీ కార్మికురాళ్లకు వేయి బీడీల లెక్క. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి ఏటా కుటుంబాలు వస్తాయి, వాళ్లకు వేయి ఇటుకల లెక్క. అక్కడ పుస్తకంలో ఒక్క పేరే ఉంటుంది, మగవాడిది. మట్టి తొక్కే భార్య, ఇటుకలు తిప్పే పెద్దపిల్ల, ఎవరూ పుస్తకంలో ఉండరు. ముందే తీసుకున్న అడ్వాన్సు ఎంత తీరిందో చెప్పేది కూడా ఆ పుస్తకమే. బట్టీ పని కుదుర్చుకునేటప్పుడు మేస్త్రీని అడగాల్సిన మొదటి ప్రశ్న కూలి ఎంత అని కాదు, నా పేరుతోపాటు నా భార్య పేరు కూడా రాస్తావా అని. రాయకపోతే బీమా లేదు, ప్రమాదం జరిగితే ఆమె అక్కడ పనిచేసిందన్న ఆనవాలే లేదు. ముఠాలో పనిచేసే హమాలీలైతే ప్రతి రోజు సంచుల సంఖ్య, ముఠాలో ఎందరున్నారు, తలకెంత వచ్చింది అని ముగ్గురి ముందు రాసుకుంటే పొద్దుగూకాక కొట్లాట ఉండదు.

ఉపాధి హామీ పనుల్లో హాజరు కథ ఇంకా చిత్రం. ఒకప్పుడు మేట్ చేతిలో కాగితం మస్టరు ఉండేది. చచ్చిపోయినవాళ్లు, ఊరు విడిచిపోయినవాళ్లు కూడా మట్టి తవ్వినట్టు అందులో కనిపించేవారు. ఇలాంటి దొంగ మస్టర్ల మీదే, ఉపాధి హామీ రాకముందే, రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పోరాటం చేసింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జనం ముందు మస్టర్లు చదివించారు. పేరు పిలవడం, ఆ పేరువాడు లేచి "నేను ఆ పనికి పోలేదు" అనడం. ఆ కదలికే పెరిగి పెరిగి 2005 సమాచార హక్కు చట్టం దాకా పోయింది. దేశానికి ఆ చట్టం రావడం వెనక ఒక హాజరు పట్టి ఉందన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మొదలైన సామాజిక తనిఖీల్లో మన ఊళ్లలోనూ అదే జరిగింది, గ్రామసభలో మస్టరు చదివి వినిపించారు.

2021లో కేంద్రం ఉపాధి హామీ హాజరుకు ఫోను యాప్ తెచ్చింది, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత పనులు తప్ప మిగతా పనులన్నిటికీ తప్పనిసరి చేసింది. పని మొదట్లో ఒక ఫొటో, తర్వాత ఇంకో ఫొటో. దొంగ మస్టర్లు పోతాయన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే అన్ని రాష్ట్రాలకూ రాస్తూ, ఫొటోను ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని ఒప్పుకుంది. యంత్రం వస్తే మోసం పోతుందనుకునేవాళ్లు ఆ ఉత్తరం ఒకసారి చదవాలి. ఇక్కడ నష్టపోయేది మాత్రం నిజంగా పోయినవాళ్లే. పొద్దున ఫొటో పడి, రెండో ఫొటో సిగ్నల్ లేక ఎక్కకపోతే ఒక రోజు చెమట గాలికి పోతుంది. ఎక్కలేదని తెలిసిన రోజే మేట్‌తో, ఫీల్డ్ అసిస్టెంటుతో కాగితం మీద రాయించుకోవాలి. నలుగురైదుగురు కలిసి అడిగితే రాస్తారు, ఒక్కరే అడిగితే రేపు చూద్దాం అంటారు.

వేలిముద్ర యంత్రాల దగ్గర ఇంకో తంటా. సిమెంటు పట్టినవాళ్ల వేళ్లు, బీడీ ఆకు కత్తిరించినవాళ్ల వేళ్లు, పొట్టు దుమ్ములో ఏళ్లు గడిపిన వేళ్లు అరిగిపోయి ఉంటాయి. యంత్రం మనిషిని గుర్తుపట్టదు. నమోదు రోజునే ఒక వేలుతో సరిపెట్టకుండా రెండు చేతులవీ కలిపి మూడు నాలుగు వేళ్లు ఇవ్వండి. పంచ్ పడని రోజు మాన్యువల్ పుస్తకంలో సంతకం పెట్టించమని అడగండి. ఆ పుస్తకం లేదంటే అధికారికి ఒక మెసేజ్ పంపండి, సమయంతో సహా అది మీ దగ్గర ఉండిపోతుంది. హాజరు యంత్రాల చరిత్ర చాలా పాతది, 1888లో అమెరికాలో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి తొలినాటి టైం క్లాకుల్లో ఒకటి చేశాడు. పంచ్ పడలేదన్న గొడవ కూడా అప్పటినుంచే ఉండి ఉంటుంది.

బడి దగ్గరికి వద్దాం. తెలంగాణలో సర్కారు బళ్ల టీచర్లకు 2025 ఆగస్టు 1 నుంచి ముఖ గుర్తింపు హాజరు వచ్చింది, అంతకుముందు దాన్ని ప్రయోగించి చూసింది మన పెద్దపల్లి జిల్లాలోనే. టీచర్లలో దాని మీద కోపం ఉంది, కొంత న్యాయమైన కోపమే. సిగ్నల్ లేని ఊళ్లో బడి మెట్ల మీద నిలబడి ఫోను ఎత్తిపట్టుకున్న సారును చూసి పిల్లలు నవ్వుకోవడం ఎవరికైనా కష్టమే. టీచర్లకు కూడా నేను చెప్పేది మిల్లు మనిషికి చెప్పిందే. యాప్ పడని రోజు స్క్రీన్ ఫొటో తీసుకోండి, హెడ్మాస్టరుకు అప్పుడే రాతగా తెలియజేయండి. పాత రిజిస్టరులో సంతకం మానకండి.

పిల్లల హాజరు విషయంలో మాత్రం నాది కాస్త మొండి అభిప్రాయం. పేరు పిలిచి హాజరు తీసుకోవడం మానకూడదు. "ఎస్ సార్" అన్న గొంతులో జలుబు వినపడుతుంది, రాత్రి అన్నం తినని సంగతి వినపడుతుంది. పత్తి ఏరే రోజుల్లో వరసగా మూడు రోజులు రాని పిల్ల పేరు దగ్గర పిలిచే గొంతు ఆగుతుంది, పక్కపిల్ల "ఆమె వాళ్లమ్మతోని పత్తి ఏరుతందుకు పోయింది సార్" అని చెప్తుంది. ఫోను ఆ పిల్ల రాలేదని మాత్రమే చెప్తుంది. మూడో రోజు సాయంత్రం ఆ ఇంటికి పోయే టీచరును నేను చూశాను. ఆ పిల్ల పదో తరగతి రాసింది.

హాజరు రాసే చేతులకు ఇంకొన్ని మాటలు, నా తప్పుల్లోంచి నేర్చుకున్నవి. రాని పిల్లల గడిలో ముందు చుక్క పెట్టి సాయంత్రం దిద్దుకుందాం అనే అలవాటు వదలండి, ఆ చుక్క ఏ రోజైనా పి అయి కూర్చుంటుంది. వైట్‌నర్ వాడొద్దు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ. కింద ఏముందో కనిపించాలి. మధ్యాహ్న భోజనం తిన్నవాళ్ల సంఖ్య హాజరు కంటే ఎక్కువ ఉంటే తనిఖీ అధికారి మొదట పట్టుకునేది అదే. మిల్లులో అయినా బళ్లో అయినా రోజు మొదలైన గంటలోపే పుస్తకం మూసేయండి, జ్ఞాపకం మీద ఆధారపడకండి. జ్ఞాపకానికి ఎలివేటర్ పైన ఉన్న మనిషి కనిపించడు.

ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక్క ముక్క. 75 శాతం హాజరు లేకపోతే హాల్‌టికెట్ దగ్గర కాండోనేషన్ ఫీజు పేరుతో జేబుకు చిల్లు పడుతుంది, మరీ తక్కువైతే ఫీజు కట్టినా పని కాదు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కూడా 75 శాతమే కొలబద్ద. కాలేజీ మార్చిలో చెప్పే అంకె కోసం ఆగకండి. అక్టోబరులో దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి పోయి అడిగి రాసుకోండి. జ్వరమొచ్చి పది రోజులు పోతే డాక్టరు చీటీ అప్పుడే ఇచ్చి, ఇచ్చినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి.

డ్రయ్యర్ దగ్గర పనిచేసిన ఆయన తర్వాత వేరే మిల్లుకు పోయాడు. పోయేటప్పుడు నన్ను ఒక్కటే అడిగాడు, ఎన్నేళ్లు చేశాడో తెల్లకాగితం మీద రాసిమ్మని. సేటుతో మాట్లాడి, చేరిన తారీఖు, మానేసిన తారీఖు వేసి, మిల్లు రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చాను. మీరూ ఎక్కడ మానేస్తున్నా ఆ కాగితం తీసుకోకుండా గేటు దాటకండి. ఇప్పుడు పని చేస్తున్నచోట ఈ నెల ముప్పయ్యో తారీఖు సాయంత్రం మీ వరస చూసుకోండి, తేడా ఉంటే ఆ సాయంత్రమే అడగండి. జీతం చేతికొచ్చాక అడిగితే గుమాస్తా పాత నెల పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేసి ఉంటాడు.